డాక్టరు ఆనందీబాయి జోషీ జీవితచరిత్రము

మన సంఘమువారు ప్రతి సంవత్సరము మహాసభా సందర్భమున వెలువరించు సంచికలో మన పెద్దల చరిత్రములు ప్రకటించుట ఆచారమై యున్నది. వంశకర్తలు, దాతలు, సత్రములు కట్టించినవారు, విద్యాధికులు మున్నగువారి జీవితములు ఇదివరకు పాఠకుల యెదుట నుంచబడినవి. ఈ పర్యాయము ఒక చరిత్రము వ్రాయుడని సంపాదకులు మమ్ము కోరగా, మేము మన కులమున గాని మన భాషాప్రాంతమున గాని పుట్టని యొక వనితను ఎన్నుకొంటిమి. ఇందులకు కొందఱు ఆశ్చర్యపడవచ్చును. కాని ఈమె చరిత్రము, ఒక కులమువారు తమ ఆడుబిడ్డ విద్యకు ఎంతమాత్రము తోడుపడిరో, ఎంతమాత్రము అడ్డుపడిరో తెల్పు చరిత్రము. కావున కులసంఘ సంచికయందే దీనికి తగిన తావు కలదని మా తలంపు. సంఘబంధువులును పోషకమహాశయులును ఓపికతో చదివి, కడపట మేము చేయు విన్నపమును చిత్తగింతురు గాక.

ఆనందీబాయి క్రీ.శ. 1865 సంవత్సరము మార్చి 31 తేదీన మహారాష్ట్ర బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. తల్లిదండ్రులిడిన నామధేయము యమున. బొంబాయి సమీపమునందలి కల్యాణ పట్టణమున ఆ కుటుంబమువారు పూర్వము భూవసతి గలిగి గౌరవముతో బ్రతికినవారు. ఈమె బాల్యమునాటికి ఆ సిరి చాలవరకు తరిగిపోయెను. తొమ్మిదవయేట ఈమెను గోపాలరావు జోషీ యను తపాలా ఉద్యోగి కిచ్చి వివాహము చేసిరి. అతడు భార్య గతించినవాడు. వధువుకంటె దాదాపు ఇరువది యేండ్లు పెద్ద. అత్తింట క్రొత్త పేరు పెట్టుట ఆ దేశాచారము గనుక యమున ఆనందియయ్యెను. అంతవఱకు ఆమె కథ ఆనాటి వేలకొలది బాలికల కథయే గాని వేఱు గాదు.

వేఱయినది భర్తయొక్క పట్టుదల. గోపాలరావు విచిత్రస్వభావుడు. ఆడువారు చదువుకొనినగాని హిందూసంఘము బాగుపడదని అతడు దృఢముగా నమ్మెను. నమ్మినదానిని తన యింటనే ఆచరింప సంకల్పించెను. బంధువుల రాకపోకలు చదువునకు అంతరాయము కలిగించునని తలచి కల్యాణము విడిచి దూరప్రాంతములకు బదిలీ చేయించుకొనెను. అలీబాగు, కొల్హాపురము, కచ్ఛదేశమందలి భుజి, కలకత్తా, శ్రీరామపురము, ఈ ఊళ్లన్నియు ఆమెకు పాఠశాలలే యయ్యెను. మరాఠీ, సంస్కృతము, ఆంగ్లము క్రమముగా అలవడెను.

ఈ గురువును గూర్చి నిజము దాచి వ్రాయుట చరిత్రకారునకు ధర్మము కాదు. పసిప్రాయమున ఆ బాలికకు చదువుపై అంతగా మక్కువ లేకుండెను. పాఠము చదువని దినమున గోపాలరావు కఱ్ఱతో కొట్టిన సంగతియు, విడిచిపోదునని బెదిరించిన సంగతియు ఆమెయే పెద్దయైన పిదప అమెరికానుండి అతనికి వ్రాసిన లేఖలో జ్ఞప్తికి దెచ్చెను. చదివించినందులకు కృతజ్ఞతయు, కొట్టినందులకు నొప్పియు ఆ లేఖయందు ఒకచోటనే యున్నవి. మేము ముప్పది యేండ్లకు పైగా ఉపాధ్యాయవృత్తిలో నుండిన వారము. మా చేతిలోను ఒకప్పుడు బెత్త ముండెను. ఆ లేఖను గూర్చి తెలిసికొనిన నాడు మేము సిగ్గుపడితిమని ఒప్పుకొనుటకు వెనుదీయము. ఆమె విద్వాంసురాలగుటకు ఆ కఱ్ఱ కారణము కాదు. ఆ కఱ్ఱను మించిన యొక దుఃఖము కారణము.

పదునాలుగవయేట ఆనందికి కుమారుడు కలిగెను. తగిన వైద్యసహాయము లేక ఆ శిశువు పది దినములు మాత్రమే జీవించెను. ఆ కాలమున ఆంగ్లవైద్యులు పట్టణములందుండిరి. కాని వారు పురుషులు. కులస్త్రీలు పురుషవైద్యునకు చేయి చూపుటకైన సిగ్గుపడి, రోగము చెప్పుకొనక, మంత్రసానిచేతిలో ప్రాణములు విడుచుచుండిరి. స్త్రీలకు స్త్రీయే వైద్యురాలు కావలెనను తలంపు ఆ బాలింతరాలి మనస్సున ఆనాడు నాటుకొనెను. అటుపిమ్మట ఆమెను చదువుమని ఎవ్వరును తొందరపెట్టవలసిన పని లేకపోయెను.

భార్యను అమెరికాలో చదివింప నెంచి గోపాలరావు వైల్డరు అను క్రైస్తవ మతప్రచారకునకు జాబు వ్రాసెను. మతము మార్చుకొనినయెడల సహాయము దొరకునని సమాధానము వచ్చెను. దంపతు లిద్దఱును అందుకు సమ్మతింపరైరి. కాని ఆ ఉత్తరప్రత్యుత్తరములను వైల్డరు తన పత్రికలో ప్రకటించెను. 1880 సంవత్సరమున న్యూజెర్సీ రాష్ట్రమునందలి రోసెల్ నివాసినియైన థియోడిషియా కార్పెంటరు అను గృహిణి దంతవైద్యుని యింట తన వంతునకై వేచియుండి, ప్రొద్దుపోవుటకై ఆ పత్రికను తిరుగవేసెను. ఎన్నడును చూడని దేశమందలి యొక బాలిక వైద్యము నేర్వగోరుచున్నదని చదివి ఆమె మనస్సు కరిగెను. మా యింట ఉండవచ్చునని ఆనందికి జాబు వ్రాసెను. మతము మార్పుమని అడుగలేదు. నాటినుండి వారి నడుమ లేఖలు నడచెను. తల్లీబిడ్డలవంటి స్నేహము పెరిగెను. ఆనంది దేహము అప్పటికే దుర్బలము. తలనొప్పియు, జ్వరమును, నీరసమును తఱచుగా బాధించుచుండగా కార్పెంటరమ్మ సముద్రముమీదుగా మందులు పంపుచుండెను.

1883 సంవత్సరమున భర్త శ్రీరామపురములో పనిచేయుచుండ, ఆనంది ఒంటరిగా అమెరికాకు పోవుటకు నిశ్చయమయ్యెను. వార్త పొక్కగనే గగ్గోలు పుట్టెను. సముద్రయానము నిషిద్ధమని పెద్దలనిరి, ఒంటరి స్త్రీ ప్రయాణము అంతకంటె దోషమనిరి, కులమునుండి వెలివేయుదుమనిరి. ఇంటిలో కూర్చుండి కన్నీరు పెట్టుటకు మారుగా ఆ పదునేడేండ్ల యువతి ఫిబ్రవరి 24 తేదీన శ్రీరామపుర కళాశాలా మందిరమున సభ జరిపి, ప్రజలు తన్నడుగు ప్రశ్నలను తానే ఆఱుగా విభజించి యొక్కొక్కదానికి సమాధానము చెప్పెను.

అమెరికాకేల యనిన, హిందూదేశమున స్త్రీవైద్యుల కొఱత మిక్కుటముగా నున్నదనెను. ఇచ్చటనే చదువరాదా యనిన, చెన్నపట్టణమున ఒక కళాశాల కలదనియు, ఇతర రాజధానులందు మంత్రసానుల తరగతులు కలవనియు, అచ్చటి బోధన అసమగ్రమనియు చెప్పెను. వీథిలో పుస్తకము చేతబట్టి నడచునపుడు జనులు గుమిగూడి నవ్వుట తానెఱుగుదుననియు తెలియజెప్పెను. భర్త తోడురాకుండ ఒంటరిగా పోవుటేల యనిన, అతడు పోషింపవలసిన కుటుంబము కలదనియు, ఇద్దఱి ప్రయాణమునకు ధనము చాలదనియు వివరించెను. ఆపద వాటిల్లినచో నేమి యనిన, ఆపదలు స్వదేశమునందును వచ్చునని బదులిచ్చెను. స్త్రీ లెవ్వరును చేయని పని తానేల చేయవలెననిన, పదిమందికి మేలగు పనికి ముందు ఎవ్వరో యొకరు పూనుకొనవలెనని చెప్పెను.

కులబహిష్కారమును గూర్చిన ప్రశ్నకు ఆమె యిచ్చిన సమాధానమును మనవంటి సంఘములవారు ప్రత్యేకముగా గమనింపవలెను. తాను హిందువుగానే పోయి, ఆహారవస్త్రములు మార్చుకొనక హిందువుగానే బ్రతికి, హిందువుగానే తిరిగివచ్చెదనని ఆమె పలికెను. వెలివేయదలచినవారు తిరిగివచ్చువఱకు కాచుకొననేల, ఇప్పుడే వెలివేయవచ్చును గదా యని యడిగెను. ఆ మాట ధిక్కారము కాదు. తన నియమమును తాను కాపాడుకొనగలనను ధైర్యము.

ఆ ప్రసంగము పత్రికలయందు వెలువడగా దేశమందలి పలుతావులనుండి చందాలు వచ్చెను. ఏప్రిల్ 7 తేదీన ఆమె కలకత్తాలో ఓడయెక్కి, జూను నెలలో న్యూయార్కు రేవు చేరెను. రేవునకు వచ్చి కార్పెంటరమ్మ ఆమెను తన యింటికి తోడుకొనిపోయెను.

ఫిలడెల్ఫియా నగరమందలి స్త్రీల వైద్యకళాశాల 1850 సంవత్సరమున స్థాపింపబడినది. స్త్రీలకు వైద్యశాస్త్రము బోధించుటకై లోకమున తొలుత వెలసిన విద్యాలయములలో ఒకటి. రసాయనశాస్త్ర పండితురాలగు రేచెల్ బాడ్లీ దాని కప్పుడు ముఖ్యాధికారిణి. ఆమె ఆనందిని ఆదరించి చేర్చుకొనెను. మూడేండ్ల చదువు. శవచ్ఛేదనము మొదలుకొని ప్రసూతితంత్రము వఱకు సమస్తము నేర్వవలసియుండెను. చీర కట్టి, శాకాహారమే తిని, హిమము కురియు దేశమున నెగడు సరిగా మండని గదిలో ఆమె చదివెను. ఇచ్చిన మాట తప్పలేదు. కాని ఆ మాటను నిలుపుకొనుటకు దేహమును వెలగా చెల్లించెను. క్షయ యామె శరీరమున ప్రవేశించెను.

1885 సంవత్సరము అక్టోబరు మాసమున తీయబడిన యొక ఛాయాపటము నేటికిని నిలిచియున్నది. అందు ముగ్గురు విద్యార్థినులు తమతమ దేశవేషములతో కూర్చుండియున్నారు. ఒకరు ఆనందీబాయి, ఒకరు జపానుదేశీయురాలగు కేయీ ఒకామీ, మఱియొకరు సిరియాదేశమునుండి వచ్చిన సబాత్ ఇస్లాంబూలీ. మూడు దేశముల స్త్రీలు, మూడు మతములవారు, ఒకే విద్యకై ఒకే బల్లయొద్ద కూడిరి. చూచినప్పుడెల్ల మాకు ఆ పటము సరస్వతీమందిరమువలె దోచును.

పట్టమునకై ఆమె వ్రాసిన వ్యాసము యొక్క విషయము ఆర్యహిందువుల ప్రసూతివైద్యము. దానిలో అమెరికా వైద్యగ్రంథములతోపాటు మన ఆయుర్వేదగ్రంథములను గూడ ఆధారముగా గొనెను. సంస్కృతాభ్యాసముతో పెరిగిన మాకు ఈ సంగతి ఎంతో హర్షము గూర్చును. పరదేశమున చదువబోయినవారు స్వదేశశాస్త్రమును తృణీకరింతురని కొందఱును, స్వదేశశాస్త్రము నెఱిగినవారికి పరవిద్య అక్కఱలేదని మఱికొందఱును చెప్పుదురు. ఇరువురికిని ఆ యువతి యిరువది యేండ్ల ప్రాయముననే సమాధానము చెప్పియున్నది.

1886 సంవత్సరము మార్చి 11 తేదీన ఆమెకు వైద్యపట్టము లభించెను. అప్పటికి గోపాలరావు అమెరికా చేరియుండెను. బంధువురాలగు పండిత రమాబాయి ఆ యుత్సవము చూచుటకై ఇంగ్లాండునుండి వచ్చెను. విక్టోరియా రాణి అభినందనము పంపెను. పాశ్చాత్యవైద్యమున పట్టము పొందిన తొలి హిందూమహిళగా ఆనందీబాయి పేరు దేశమంతట మ్రోగెను. కొల్హాపుర సంస్థానమువారు ఆల్బర్ట్ ఎడ్వర్డ్ వైద్యశాలయందు స్త్రీల విభాగమునకు ఆమెను వైద్యాధికారిణిగా నియమించిరి.

ఆ సంవత్సరాంతమున దంపతులు స్వదేశమునకు మరలిరి. ఓడ దిగినది జయించి వచ్చిన వైద్యురాలు; కాని ఆమెయే రోగి. వెలివేయుదుమన్న దేశమే ఆమెకు ఘనముగా స్వాగతమిచ్చెను. కొల్హాపురమునకు పోయి పనిలో చేరుటకు బలము చాలలేదు. పూనాలో ఔషధములు సేవించుచు కొన్ని వారములు గడపి, 1887 సంవత్సరము ఫిబ్రవరి 26 తేదీన డాక్టరు ఆనందీబాయి దేహము చాలించెను. మఱి నెల గడచినయెడల ఆమెకు ఇరువదిరెండేండ్లు నిండియుండును. దేశమంతయు దుఃఖించెను. ఆమె చితాభస్మమును కార్పెంటరమ్మకు పంపగా, ఆ పుణ్యవతి దానిని న్యూయార్కు రాష్ట్రమందలి పొకీప్సీ నగరమున తన కుటుంబమువారి శ్మశానవాటికలో నిక్షేపించెను. కన్నకొడుకును పది దినములకే పోగొట్టుకొనిన ఆనందికి కడపట చోటిచ్చినది ఆమె కనని తల్లి.

మరుసటి సంవత్సరమే, అనగా 1888 లో, కరొలిన్ హీలీ డాల్ అను అమెరికా రచయిత్రి ఆమె జీవితచరిత్రము ప్రకటించెను. మరాఠీలో కాశీబాయి కానిట్కర్ వ్రాసెను. తరువాతి కాలమున ఆమె కథ నవలగాను, 2019 లో చలనచిత్రముగాను వచ్చినది. శుక్రగ్రహముపై నొక బిలమునకు ఆమె యింటిపేరు పెట్టియున్నారు.

ఇప్పుడు కొందఱు ప్రశ్నింపవచ్చును. కొల్హాపురమున ఒక్క దినమైన పనిచేయని వైద్యురాలి వలన లోకమునకు కలిగిన లాభమేమి? ఈ ప్రశ్న న్యాయమైనదే. అదే 1886 సంవత్సరమున కలకత్తాలో పట్టము పొందిన కాదంబినీ గంగూలీ స్వదేశమున, బిడ్డలను పెంచుచు, చిరకాలము వైద్యము చేసెను. 1894 లో లండనులో ఉత్తీర్ణురాలైన రఖ్మాబాయి సూరతులో దశాబ్దములు సేవచేసెను. చెన్నపట్టణపు వైద్యకళాశాల 1875 లోనే నలుగురు స్త్రీలకు ప్రవేశమిచ్చియుండెను. అచ్చటనే 1912 లో ముత్తులక్ష్మీరెడ్డి పట్టము గొనెను. యంత్రశాస్త్రమున మన తెలుగింటి ఆడుబిడ్డ అయ్యలసోమయాజుల లలిత పదునెనిమిదేండ్లకే వైధవ్యము పొంది, ఒడిలో పసిబిడ్డతో నుండియు, 1940 వ దశకమున గిండీ కళాశాలలో విద్యుచ్ఛాస్త్రము చదివి భారతదేశపు తొలి స్త్రీ ఇంజనీర్లలో ఒకతెయయ్యెను. వీరందఱు ఫలించిన వృక్షములు. ఆనందీబాయి పుష్పించి రాలిన వృక్షము. అయినను బాటలేని అడవిలో తొలుత నడచిన పాదము గమ్యము చేరకున్నను, గడ్డి మాత్రము అణగును. వెనుక వచ్చువారికి అదే బాట.

లాభమును గూర్చి యడుగుటకంటె నష్టమును గూర్చి యడుగుట మేలని మా మనవి. ఆమె మరణమునకు హేతువులెవ్వి? చలి, ఆహారలోపము, క్షయ. వానికి వెనుక నున్న హేతువు? తాను మారలేదని కులమువారికి ఋజువు చేయవలసిన భారము. పరదేశమున ఒక వెచ్చని గదికి చాలినంత ధనము ముందుగా ఇచ్చువారుండిన, నీవు ఎట్లు తిన్నను మా బిడ్డవే యని ఒక్క మాట వ్రాసినవారుండిన, ఆ జీవితము దీర్ఘమయ్యెడిదో కాదో మేము చెప్పజాలము. కాని ఆ మాట వ్రాయువారు కులమున నుండవలసినది. వ్రాసినది దంతవైద్యుని యింట పత్రిక తిరుగవేసిన పరాయి స్త్రీ. గెలిచివచ్చినప్పుడు పూలమాల వేయుట సులభము. బయలుదేరునప్పుడు దారిబత్తెమిచ్చుట కష్టము. కులసంఘము ఈ రెండవ పనికై పుట్టినదని మా నమ్మకము.

ఇచ్చట మా తప్పు నొకదానిని చెప్పుకొనవలెను. మేము ఉద్యోగములో నున్న కాలమున మన కులమువారి బాలిక యొకతె మాయొద్ద చదివెను. సంస్కృతమునందును గణితమునందును తరగతిలో మొదటిది. వైద్యము చదువవలెనని ఆమె కోరిక. పదవతరగతి ముగియగానే పెండ్లి నిశ్చయించి, తండ్రి మాయొద్దకు ముహూర్తపత్రికతో వచ్చి, తమ అభిప్రాయమేమని మర్యాదకై యడిగెను. ఒక్కమాట యడ్డు చెప్పియుండిన అతడు వినునో వినడో. మేము చెప్పలేదు. అక్షతలు వేసి భోజనము చేసి వచ్చితిమి. కొన్ని యేండ్లకు ఆమె తన కుమార్తెను వెంటబెట్టుకొని బడికి వచ్చి, మా కాళ్లకు మ్రొక్కి, దీనిని మాత్రము చివరివఱకు చదివింపుడు మాష్టారూ యని కోరెను. నిందింపలేదు. నిందించియుండిన మాకు కొంత తేలికయయ్యెడిది.

కావున సంఘబంధువులారా, పోషకమహాశయులారా, మా విన్నపము స్వల్పము. మన విద్యార్థి వేతననిధిలో ఆడుపిల్లలకు, అందును వైద్యము, విజ్ఞానశాస్త్రములు, యంత్రశాస్త్రము చదువగోరు బీదకుటుంబముల బాలికలకు, ప్రత్యేకముగా కొంత భాగము కేటాయింపుడు. ఆ సొమ్ము ఫలితములు వెలువడిన పిదప సన్మానముగా గాక, కళాశాలలో చేరునాడే చేతికందునట్లు చేయుడు. దూరపట్టణములకు పోవు బాలికకు భోజనవసతి గృహము చూపుడు. మన పెద్దలలో ఒక్కొక్కరు ఒక్కొక్క బాలికకు నెలకొక జాబు వ్రాయు భారము వహింపుడు. ధనమునకంటె ఆ జాబే యొక్కొక్కప్పుడు ప్రాణము నిలుపును.

ఇట్లు చేసిననాడు ఇట్టి సంచికలయందు మన పెద్దల చరిత్రముల ప్రక్కను మన ఆడుబిడ్డల చరిత్రములును వెలయును. వానిని వ్రాయుటకు మేముండకపోవచ్చును. చదువువారుండిన చాలును.

సర్వేషాం స్వస్తిరస్తు.